కప్పుట సులభము, కట్టుట కష్టము



మనకు కప్పడం తెలిసినంతగా కట్టడం తెలియదు. ఈ టపాలో నేను చెప్పదలచుకొన్నది ఇంతే. మిగిలినదంతా దీనికి వివరణ మాత్రమే. వస్తువు చిన్నది గదా, ఒక తెలుగు పండితుడికి టార్పాలిన్‌తో పనేమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వండి, కాని చివరి దాకా చదవండి. ప్రతి ఏటా చైత్ర వైశాఖాలలో మా బాలానగరులో గాలి లేచినప్పుడల్లా ఈ చిన్న వస్తువు ఎవరినో ఒకరిని గాయపరుస్తూనే ఉన్నది.

బాలానగరును ఎరుగనివారికి నాలుగు మాటలు. ఇది హైదరాబాదుకు వాయవ్యాన ఉన్న పాత పారిశ్రామికవాడ. విమానాలకు ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ శాఖ ఇక్కడ ఉన్నది. 1968లో స్థాపించిన కేంద్రీయ పనిముట్ల రూపకల్పన సంస్థ ఇక్కడ ఉన్నది. ఉపగ్రహాలు పంపే చిత్రాలను విశ్లేషించే జాతీయ దూరసంవేదన కేంద్రం కూడా ఇక్కడే ఉన్నది. వీటి చుట్టూ లేతు మిషన్లూ, వెల్డింగు షాపులూ, ఇనుప రేకుల షెడ్లూ వందల కొలది. ఆ షెడ్లలో పనిచేసేవారు తలదాచుకొనే గదులు సందు సందునా కనబడతాయి. వాటి కప్పులు రేకులో, సిమెంటు రేకులో. వాటి మీద నీలి రంగు పట్టా ఒకటి. ఆ పట్టా మీద పది ఇటుకలు, రెండు పాత టైర్లు, ఒక విరిగిన రోలు. ఆకాశం నుండి తుపానులను కొలిచే సంస్థ గోడకు కూతవేటు దూరంలో, గాలికి విరుగుడుగా మనం ఇంకా ఇటుకనే నమ్ముకొని ఉన్నాము. నాకు ఆశ్చర్యంగా తోచేది ఇదే.

ముందు మాట సంగతి చూద్దాం. మాటలు నా వృత్తి కనుక ఆ సంగతి వదలలేను. టార్పాలిన్ అన్నది ఓడవారి మాట. తారు పూసిన గుడ్డను నావికులు సరుకుల మీద కప్పేవారు. ఆ తారే ఈ మాటలో మొదటి భాగంగా నిలిచింది. హిందీవారి నాలుక మీద అది తిర్పాల్ అయింది. మా తెలంగాణలో దీనిని తాడ్‌పత్రి అంటారు, మరాఠీలో కూడా ఇదే మాట. వింటే తాళపత్రం గుర్తుకు వస్తుంది. అనంతపురం వైపున్న తాడిపత్రి పట్టణానికీ దీనికీ చుట్టరికం కలపరాదు. కోస్తావారు బరకం అంటారు. పట్టా, పరదా అన్నవి అంతటా వినబడేవే. అమరకోశంలో మేలుకట్టుకు వితానం, ఉల్లోచం అని పేర్లున్నవి. గుడారానికి దూష్యం అని ఉన్నది. దాని అర్థం చెప్పడానికి అమరసింహుడు వాడిన మాట వస్త్రవేశ్మం, అనగా బట్టతో చేసిన ఇల్లు.

తెలుగులో ‘కప్పు’ అన్న ధాతువు ఒక్క పనినే చెబుతుంది. ‘కట్టు’ అలా కాదు. ఇల్లు కడతాము, చీర కడతాము, పశువును కడతాము, పద్యం కడతాము, పన్ను కడతాము. కట్టుబాటు, కట్టడి, కట్టుదిట్టం అన్నీ అందులోంచి వచ్చినవే. ఇల్లు నిర్మించడాన్ని ‘కట్టడం’ అన్న మన పూర్వులకు తాటాకు ఇంటి సంగతి బాగా తెలుసు. వాసాన్ని దూలానికి తాటితో బిగించనిదే ఇల్లు నిలవదు. అంటే మన భాషలో ఇంటి బలం కప్పులో లేదు, కట్టులో ఉన్నది. ఈ జ్ఞానాన్ని ప్లాస్టిక్ పట్టా వచ్చి మరపించింది. కొనగానే పని అయిపోయిందనుకొంటున్నాము.

ఇక గాలి లెక్క. ఇది భౌతికశాస్త్రం మాస్టార్ల సొత్తు, కాని కష్టమైనదేమీ కాదు. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న మామూలు పట్టా తీసుకోండి. అది 12 చదరపు మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల గాలి దాని మీద పూర్తిగా తగిలితే పడే బలం సుమారు 23 కిలోల బరువుకు సమానం. పది ఇటుకలు ముప్పై కిలోలు తూగుతాయి కనుక ఆ గాలికి ఆగుతాయి. అదే గాలి 50 కిలోమీటర్లకు చేరితే బలం సుమారు 145 కిలోలు. నూరు కిలోమీటర్లయితే 580 కిలోలు. వేసవిలో వాతావరణ శాఖవారు తెలంగాణకు తరచుగా చెప్పే హెచ్చరిక ‘గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అని. అంటే ఏదో అరుదైన తుపాను సంగతి కాదు. ఏటా పలుమార్లు వచ్చే గాలికే మన ఇటుకల లెక్క తప్పుతున్నది. కట్టడాలకు గాలి బలాన్ని నిర్ణయించే భారత ప్రమాణంలో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల వేగాన్ని ఆధారంగా తీసుకొన్నారు. అది గంటకు సుమారు 158 కిలోమీటర్లు. ఇంజనీర్లు అంత గాలిని ఊహించి లెక్క కడుతూ ఉంటే, మనం 20 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాము.

మరొక సంగతి. గాలి పట్టాను తోస్తుందనే మనం అనుకొంటాము. నిజానికి అది లేపుతుంది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి పైన ఒత్తిడిని తగ్గిస్తుంది. అంచు కింద దూరిన గాలి లోపల ఒత్తిడిని పెంచుతుంది. రెండూ కలిసి పట్టాను పైకి ఉబ్బిస్తాయి. అన్నిటికన్న ఎక్కువ లాగుడు మూలల దగ్గరా, అంచుల దగ్గరా ఉంటుంది. నడుమ ఎంత బరువు పెట్టినా మూల వదులుగా ఉంటే పని చెడుతుంది. ఒకసారి మూల లేచిందంటే పట్టా టపటప కొట్టుకోవడం మొదలు. ఆ కొట్టుకోవడంలో కన్నాలు చిరుగుతాయి, ముడులు సడలుతాయి. పట్టా పోయేది ఒక్క పెద్ద గాలికి కాదు, గంటల తరబడి కొట్టుకొన్న చిన్న గాలికి.

పట్టా పోతే పోయింది, కొన్ని వందల రూపాయలు. ఇటుక సంగతి వేరు. పట్టా లేచినప్పుడు దాని మీది ఇటుక జారి సందులో పడుతుంది. సందు వెడల్పు ఎనిమిది అడుగులు. అందులో పిల్లలు ఆడుకొంటారు, ఆడవారు నీళ్లు పడతారు. మూడేళ్ల కిందట మా వెనుక సందులో రెండంతస్తుల పైనుండి పడిన ఇటుక స్కూటరు సీటును చీల్చింది. అంతకు ముందు క్షణం వరకు ఆ సీటు మీద ఒక ఆరేళ్ల పాప కూర్చుని ఉన్నది. ఎవరికీ ఏమీ కాలేదు కనుక మరునాడు అదే ఇటుకను మళ్లీ పైకి చేర్చారు. దైవకృప అన్నారు అందరూ. నేనూ కాదనను. కాని దైవకృపను రెండవ అంతస్తు మీద పేర్చి పెట్టుకోవడం భక్తి కాదు గదా.

అందుచేత నా మొదటి అభిప్రాయం సూటిగా చెబుతాను. కప్పు మీద పట్టాకు బరువుగా ఇటుకలు, రాళ్లు, రోళ్లు పెట్టే అలవాటు పూర్తిగా మానాలి. బరువు పెట్టవలసి వస్తే అది పైన కాక కింద ఉండాలి. ఇసుక బస్తాను నేల దగ్గర ఉంచి దానికి తాడు కట్టి పట్టా అంచును లాగి ఉంచవచ్చు. దానికన్న మేలైనది గోడకు నాలుగు ఇనుప కొక్కేలు దిగగొట్టడం. షెడ్ల నడుమ కాపురముండేవారికి ఇనుపముక్కలకు కొదవ లేదు, వెల్డింగు చేసేవారికీ కొదవ లేదు.

అయితే ఎలా కట్టాలి? దీనికి గురువులు మన కళ్ల ముందే ఉన్నారు. బాలానగరు రోడ్డున లారీలు ఆపుకొని సరుకు మీద తాడ్‌పత్రి కట్టే క్లీనర్లను ఎప్పుడైనా నిలబడి చూశారా? నేను పదవీ విరమణ తరువాత చాలాసార్లు చూశాను. వారిలో పెద్ద చదువు చదివినవారు లేరు. కాని వారి చేతిలో ఉన్నది నిఖార్సైన శాస్త్రం.

మొదటిది, పట్టాల వరుస. రెండు పట్టాలు వాడేటప్పుడు వెనుకది ముందు వేస్తారు, ముందుది దాని మీదికి వచ్చేటట్టు తరువాత వేస్తారు. బండి పోతున్నప్పుడు ఎదురుగాలి అతుకులోకి దూరకుండా దాని మీదుగా జారిపోతుంది. పెంకుటింటి మీద పెంకులు పరిచే న్యాయమే ఇది. ఇంటి కప్పు మీద కూడా గాలి ఎక్కువగా వచ్చే దిక్కు చూసుకొని అతుకు వేయాలి. నైరుతి రుతుపవన కాలంలో మనకు గాలి పడమర నుండి వీస్తుంది. కనుక పడమటి పట్టా అంచు తూర్పు పట్టా మీదికి రావాలి.

రెండవది, అడ్డుతాళ్లు. పట్టా కన్నాలకు కట్టిన తాడు పట్టాను పట్టుకోదు, కన్నాన్ని పట్టుకొంటుంది. భారమంతా ఆ చిన్న రింగు మీదనే పడి చిరుగుతుంది. అందుకని లారీవారు కన్నాలకు కట్టిన తరువాత, పట్టా మీదుగా ఈ పక్క నుండి ఆ పక్కకు ఏటవాలుగా తాళ్లు వేసి బిగిస్తారు. పైనుండి చూస్తే అది వల వలె ఉంటుంది. పట్టా ఉబ్బడానికి చోటు ఉండదు. సముద్రతీరపు పల్లెలలో తాటాకు ఇళ్ల మీద పాత చేపల వలలు పరచి కట్టేవారికీ తెలిసిన సంగతే ఇది.

మూడవది, బిగించే ముడి. తాడు ఒక కొసను ఒక పక్క కొక్కేనికి కడతారు. రెండవ పక్కకు తెచ్చి, తాడు నడుమ మెలిపెట్టి ఒక కన్ను చేస్తారు. మిగిలిన కొసను కింది కొక్కెంలో తిప్పి, పైకి తెచ్చి, ఆ కంటిలో దూర్చి కిందికి లాగుతారు. ఇది బావి గిలక వంటి ఉపాయం. లెక్క ప్రకారం చేతి బలం మూడింతలవుతుంది, రాపిడిలో కొంత పోతుంది. అయినా ఒక బక్కపలుచని కుర్రవాడు ముగ్గురి బలంతో లాగినట్టు తాడు వీణ తీగ వలె బిగుస్తుంది. చివర వేసేది జారుముడి. కొసను ఒక్క లాగు లాగితే విడిపోతుంది. పీటముడి వేసేవాడు లారీల మీద పనికి రాడు. తడిసిన పీటముడి విప్పలేక తాడు కోయవలసి వస్తుంది, కోసిన తాడు మరునాటికి పొట్టిదవుతుంది.

చిన్న చిన్న మెళకువలు మరికొన్ని. ఇనుపరేకు అంచు, గోడ మూల తగిలే చోట పాత గోనెసంచి ముక్క మడిచి పెట్టాలి, లేకుంటే పట్టా అక్కడే కోసుకుపోతుంది. కన్నం చిరిగిపోయిన మూలలో నున్నని గులకరాయిని లోపలి వైపు నుండి ఉంచి, దాని మెడ చుట్టూ తాడు బిగిస్తే కొత్త రింగు కన్న గట్టిగా ఉంటుంది. తాడుకూ కొక్కేనికీ నడుమ పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి వేస్తే గాలి గుంజినప్పుడు అది సాగి, తగ్గినప్పుడు ముడుచుకొని దెబ్బను తాను తీసుకొంటుంది. నైలాను తాడు తడిస్తే సాగుతుంది కనుక వాన వెలిశాక మళ్లీ బిగించాలి. జనపనార తాడు తడిస్తే ముడుచుకొని మరింత బిగుస్తుంది కనుక కొంచెం సడలించాలి. పట్టా నడుమ వాలు ఉండాలి. ఒక్క చదరపు మీటరు గుంటలో పది సెంటీమీటర్ల లోతున నీరు నిలిస్తే అది నూరు కిలోలు. గాలి కన్న ముందు ఆ నీరే కప్పును కూల్చగలదు.

అమెరికాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ మధ్య ఫోనులో ఇదే బాధ చెప్పుకొన్నాడు. కారు వెనుక లాక్కొనిపోయే మడత బండి ఒకటి కొన్నాడట. దానిని పాప్-అప్ క్యాంపర్ అంటారు. చేరిన చోట పైకప్పు లేపితే రెండు వైపులా పడకలు బయటికి వస్తాయి, చుట్టూ గుడ్డ గోడలు నిలుస్తాయి. అమరసింహుడి వస్త్రవేశ్మమే చక్రాల మీద నడుస్తున్నదన్నమాట. ఎండా వానా తగలకుండా ఆ గుడ్డ మీద మరొక రక్షణ వస్త్రం వేస్తారు. గాలి వీస్తే రాత్రంతా అది కొట్టుకొని నిద్ర పట్టదు, అంచుకు పెట్టిన క్లిప్పులు ఊడిపోతాయి అన్నాడు. నేను లారీ క్లీనర్ల విద్యనే చెప్పాను. బండి ముక్కును గాలికి ఎదురుగా నిలుపు, క్లిప్పులను నమ్మక మీదుగా అడ్డుతాడు వేయి, రబ్బరు ముక్క కలుపు, గాలి బాగా పెరిగితే గుడ్డ తీసి మడిచి పెట్టు, ఇంకా పెరిగితే బండినే ముడువు అన్నాను. “బాలానగరు లారీ అడ్డా ఇక్కడికి కూడా వచ్చింది మాస్టారూ” అని నవ్వాడు. గాలికి దేశభేదం లేదు నాయనా అన్నాను.

ఇప్పుడు పెద్ద విషయానికి వస్తాను. యాసంగి ధాన్యం కోతకు వచ్చేది సరిగ్గా ఈదురుగాలుల కాలంలోనే. మార్కెట్ యార్డులలో, కొనుగోలు కేంద్రాలలో, రోడ్ల పక్కన రైతులు ధాన్యం రాశులు పోసుకొని వారాల తరబడి కాచుకొని ఉంటారు. తేమ 17 శాతం మించితే కొనరు. కనుక ఎండబెట్టాలి, వాన వస్తే కప్పాలి. రాయితీ మీద రైతులకు టార్పాలిన్లు ఇచ్చే పథకాలు మన రెండు రాష్ట్రాలలోనూ నడిచినవే, మంచివే. కాని పట్టాతో పాటు తాడు ఇచ్చినట్టు నేను వినలేదు. రాశి చుట్టూ గుంజలు పాతడానికి చోటు ఉండదు. యార్డులో అంతా సిమెంటు నేల. అందులో ఒక్క ఇనుప కడియం కూడా బిగించి ఉండదు. ఇక ఆ రైతు దేనికి కట్టాలి? గాలివాన రాగానే కుటుంబమంతా నాలుగు మూలలూ పట్టుకొని నిలబడవలసిందే. మరునాటి పత్రికలో ‘తడిసిన ధాన్యం’ అని ఫొటో వస్తుంది. ఆ ఫొటోలో పట్టా కూడా ఉంటుంది, చూడండి. రాశికి పది గజాల దూరాన ముడుచుకొని పడి ఉంటుంది.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. భారత ఆహార సంస్థవారు గోదాములు చాలనప్పుడు ఆరుబయట ఎత్తైన దిమ్మెల మీద బస్తాలు పేర్చి నిల్వ చేసే పద్ధతిని ఎన్నో ఏళ్లు నడిపారు. కింద చెక్క పరుపులు, పైన మందమైన నల్లని పాలిథీన్ తొడుగు, దాని మీద నైలాను వల, చుట్టూ తాళ్లు. వాతావరణం తేటగా ఉన్న రోజులలో తొడుగు పైకి ఎత్తి గాలి ఆడనిస్తారు కూడా, లేకుంటే లోపలి తేమకు గింజ చెడిపోతుంది. సంస్థ ధాన్యానికి వలా తాడూ ఉన్నప్పుడు రైతు ధాన్యానికి ఎందుకు ఉండకూడదు? యార్డు నేలలో రెండు మీటర్లకు ఒక కడియం బిగించడానికి అయ్యే ఖర్చు, ఒక్క గాలివానలో కొట్టుకుపోయే ధాన్యం ఖరీదు కన్న ఎక్కువ ఉండదని నా నమ్మకం. పట్టా పంచితే ఫొటో బాగా వస్తుంది. నేలలో బిగించిన కడియం ఫొటోలో కనబడదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

రోడ్డు సంగతి మరొకటి. ధూళి పరిమితి మించిన నగరాలలో ఇసుక, మట్టి, కూల్చిన గోడల శిథిలాలు మోసే బండ్లు కప్పు లేకుండా తిరగరాదని 2018లో కేంద్ర పర్యావరణ శాఖ నిబంధన చేసింది. నిబంధన వచ్చాక కప్పుతున్నారు, నిజమే. కాని కట్టడం లేదు. ముందు రెండు మూలలు కట్టి వెనుక భాగం వదిలేస్తారు. 2021 జులైలో బాలానగరు చౌరస్తా మీద వంతెన తెరిచిన తరువాత బండ్ల వేగం పెరిగింది, పైన గాలికి అడ్డు కూడా లేదు. అక్కడ ఆ వదిలేసిన అంచు కొరడా వలె ఆడుతుంది. వెనుక వచ్చే ద్విచక్రవాహనదారుడి ముఖం మీద అది తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కప్పని బండికి జరిమానా వేసే పోలీసు సోదరులు, కట్టని కప్పుకు కూడా వేయాలన్నది నా మనవి. పక్కనే మెట్రో రైలు పోతుంది. దాని పైతీగలో 25 వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఎగిరిన పట్టా ఎవరి మీద పడుతుందో ముందుగా చెప్పగలిగేవారు ఎవరు?

గాలిని తక్కువగా అంచనా వేస్తే ఏమవుతుందో మనం చూడనిదీ కాదు. 2019 ఏప్రిల్ 22న ఈదురుగాలికి లాల్ బహదూర్ స్టేడియంలో దీపస్తంభం కూలి ఒక ప్రాణం పోయింది. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో భారీ ప్రకటన ఫలకం పెట్రోలు బంకు మీద కూలి 17 మంది మరణించారు. అవి పెద్దవి కనుక వార్తలయినవి. మన సందులలో ఇటుకలు వార్తలు కావు.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పి ముగిస్తాను. “పేదవాడు తాడు ఎక్కడ కొంటాడు, కొక్కెం ఎవరి గోడకు కొడతాడు, అద్దె ఇల్లు గదా” అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసినవాడు ఆ పేదవాడు కాడు, ఇంటి యజమాని. అద్దె తీసుకొనేవాడు కారే కప్పును బాగుచేయాలి. అది చేయనివాడు కనీసం నాలుగు కొక్కేలైనా బిగించి ఇవ్వాలి. ఇక విద్య సంగతి. మా కాలపు బడులలో క్రాఫ్టు పీరియడు ఉండేది, స్కౌటు మాస్టారు ముడులు నేర్పేవాడు. మార్కులు లేని విద్య గనుక అది క్రమంగా మూలబడింది. సంధులూ సమాసాలూ మూడు దశాబ్దాలు బోధించినవాడిగా చెబుతున్నాను, ఒక్క పీరియడు నాదే తీసుకొనైనా సరే, ప్రతి పిల్లవాడికీ మూడు ముడులు నేర్పండి. రెండు పదాలను కలిపేది సంధి అయితే, రెండు తాళ్లను కలిపేదీ సంధే. దానికి ఉదాహరణ ఇంటి కప్పు మీద కనబడుతుంది.

అన్నిటికీ మించి ఎప్పుడు విప్పాలో తెలియాలి. హెచ్చరిక 50 కిలోమీటర్లు దాటిందంటే స్కూటరు మీది తొడుగు, బాల్కనీలో పరదా, అంగడి ముందు నీడ కోసం కట్టిన గుడ్డ, ఇవన్నీ దించి మడిచి లోపల పెట్టుకోవడమే మేలు. వాన తగిలినా స్కూటరుకు నష్టం లేదు. ఎగిరిన తొడుగు పక్కవాడికి నష్టం. ధాన్యమూ, ఇంటి కప్పూ అలా విప్పలేనివి. వాటికే మన తాళ్లనూ, మన శ్రద్ధనూ దాచుకోవాలి.

ఇవి నా అభిప్రాయాలు. లారీలతో, ధాన్యంతో, ఇంజనీరింగుతో పరిచయమున్న మిత్రులు ఇంతకన్న మంచి ఉపాయాలు చెప్పగలరు, చెప్పవలసినదిగా కోరుతున్నాను. అలాగే తాడ్‌పత్రినీ, పైన వివరించిన ఆ లారీ ముడినీ మీ మీ ఊళ్లలో ఏ పేరుతో పిలుస్తారో వ్రాయండి. పట్టా పేర్లు నాకు నాలుగు దొరికాయి. ఆ ముడికి మాత్రం ఒక్క తెలుగు పేరూ దొరకలేదు. అడిగితే క్లీనరు కుర్రవాడు నవ్వి “పేరేంది సార్, గట్టిగ గుంజుడే” అన్నాడు.

స్వస్తి.